కొత్తగా లైనక్స్ వేశాను, యూఎస్‌బీ మోడెమ్ పెడితే సీడీలా తెరుచుకుంటోంది

చిరుగాలి | సోమవారం, సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 తీసేసి డెబియన్ 13 అనే లైనక్స్ వేసుకున్నాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, ఈ ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 పడదు, అందుకే మారాను. ఇన్‌స్టాల్ చేసింది ఒక మిత్రుడి దగ్గర. అక్కడ కేబుల్ ఇంటర్నెట్ ఉంది కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. ఇంటికొచ్చి నా యూఎస్‌బీ మోడెమ్ గుచ్చితే మాత్రం నెట్ రావడం లేదు.

మోడెమ్ మీద పచ్చ లైటు మెరుస్తోంది. ఫైల్ మేనేజర్‌లో ఒక సీడీ బొమ్మ వస్తోంది. తెరిస్తే అందులో సెటప్ ఫైలు, ఇంకో రెండు మూడు ఫోల్డర్లు ఉన్నాయి. సెటప్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగడం లేదు. నెట్‌వర్క్ మెనూలో వైఫై కనిపిస్తోంది కానీ మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ అన్న మాటే లేదు. ఇదే మోడెమ్ పోయిన వారం దాకా విండోస్‌లో చక్కగా పనిచేసింది.

గురువారం ఉదయం ఒక ఆన్‌లైన్ పరీక్ష ఉంది. మూడు గంటలు కెమెరా ఆన్‌లో ఉండాలి. ఫోన్‌లో ఉన్న సిమ్‌కి డేటా చాలా తక్కువ, అసలు డేటా ప్యాక్ ఉన్నది మోడెమ్ సిమ్‌కే. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

మీటనొక్కు | సోమవారం, సాయంత్రం 6:41

చిరుగాలి గారూ, ముందు పరీక్ష సంగతి. బుధవారం రాత్రికి కూడా ఇది తేలకపోతే మోడెమ్‌లోని సిమ్ తీసి ఫోన్‌లో వేసి హాట్‌స్పాట్ పెట్టుకోండి. ఏపీఎన్ (ఆపరేటర్ డేటా నెట్‌వర్క్ పేరు) ఒకసారి సరిచూసుకుంటే చాలు. ఆ దారి ఒకటి ఉందనుకుంటే మిగతాది నిదానంగా చూసుకోవచ్చు.

చిరుగాలి | సోమవారం, సాయంత్రం 6:48

ఆ ఆలోచన తట్టలేదండి, థాంక్స్. మధ్యలో కాల్స్ వస్తే ఎలా అన్న భయం ఉంది కానీ, గతిలేకపోతే అదే చేస్తాను.

పాతతీగ | సోమవారం, రాత్రి 7:15

మీ మోడెమ్ పాడవలేదు. మీరు రాసిన ఆ సీడీ బొమ్మే అసలు ఆధారం.

ఈ రకం మోడెమ్‌లకు రెండు వేషాలు ఉంటాయి. ఒకప్పుడు మోడెమ్‌తో పాటు డ్రైవర్ల సీడీ విడిగా ఇచ్చేవారు. చిన్న ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవే ఉండదు కదా, అందుకని తయారీదారులు ఆ సాఫ్ట్‌వేర్‌ని మోడెమ్ లోపలే పెట్టేశారు. గుచ్చగానే మోడెమ్ కంప్యూటర్‌కి "నేను సీడీ డ్రైవ్‌ని" అని చెబుతుంది. విండోస్‌లో మీరు ఆ సెటప్ నడిపాక, అక్కడ కూర్చున్న డ్రైవర్ ప్రతిసారీ దానికి ఒక చిన్న ఆదేశం పంపుతుంది. అప్పుడు అది సీడీ వేషం తీసేసి, ఒక్క క్షణం యూఎస్‌బీ నుంచి మాయమై, మోడెమ్‌గా తిరిగి వస్తుంది. మీరు విండోస్‌లో ఇన్నాళ్లూ చూసింది ఆ రెండో వేషాన్నే.

లైనక్స్‌లో ఆ మార్పిడి చేసేది యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్. మీ సిస్టంలో అది లేదనో, ఉన్నా పనిచేయడం లేదనో నా అనుమానం. కానీ అనుమానం మీద ఏదీ ఇన్‌స్టాల్ చేయించను. టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. ఒక్కో పరికరానికి ఒక్కో లైను వస్తుంది. ప్రతి లైనులో ఐడీ అన్న మాట తరవాత నాలుగు అక్షరాలు, కోలన్, మళ్లీ నాలుగు అక్షరాలు ఉంటాయి. మొదటి నాలుగు తయారీ సంస్థవి, రెండో నాలుగు ఆ పరికరానివి. మోడెమ్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి కొట్టి చూడండి. ఏ లైను పోయిందో అదే మీ మోడెమ్. దాని రెండో భాగం ఇక్కడ రాయండి.

గవాక్షం | సోమవారం, రాత్రి 7:30

ఇంత తంటా ఎందుకు? తిరిగి విండోస్ వేసుకుంటే అరగంటలో అయిపోతుంది కదా. పరీక్ష దగ్గర పెట్టుకుని ప్రయోగాలు అవసరమా?

పాతతీగ | సోమవారం, రాత్రి 7:44

గవాక్షం గారూ, మీ ఆందోళన సరైనదే. అయితే సపోర్ట్ ఆగిన సిస్టంలోకి పంపడం నాకు ఇష్టం లేదు. పైగా మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, అప్‌డేట్లు, పాత డ్రైవర్ వెతకడం అన్నీ కలిపితే అరగంటలో తేలదు. ఇక్కడ లోపించింది చిన్న ముక్క. ముందు ఆ అంకెలు రానివ్వండి.

చిరుగాలి | సోమవారం, రాత్రి 8:02

చేశాను. మోడెమ్ తీస్తే ఒక లైను పోయింది, పెడితే వచ్చింది. రెండో భాగం 1446. రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూశాను, అప్పుడూ 1446 అనే ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ల్యాప్‌టాప్ పాతది కదా అని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డెస్క్‌టాప్ ఏదీ టిక్ పెట్టలేదు. తరవాత ఒక తేలికపాటి డెస్క్‌టాప్‌ని, సిఫార్సు ప్యాకేజీలు (తప్పనిసరి కాకపోయినా తోడుగా వచ్చేవి) వద్దని చెప్పి విడిగా వేసుకున్నాను. దానివల్ల ఏమైనా అయ్యుంటుందా?

పాతతీగ | సోమవారం, రాత్రి 8:20

అదే కారణం. 1446 అంటే సీడీ వేషంలోనే ఇరుక్కుని ఉంది. మోడెమ్‌గా మారితే ఆ అంకె తప్పకుండా మారుతుంది. మోడ్‌స్విచ్ ప్యాకేజీ సాధారణంగా సిఫార్సుల జాబితాలోనే వస్తుంది. మీరు సిఫార్సులు వద్దన్నారు కాబట్టి రాలేదు. తప్పేం కాదు, తేలిగ్గా ఉండాలని చాలామంది అలాగే చేస్తారు.

ఇప్పుడు యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ, దానితో పాటు దాని డేటా ప్యాకేజీ కావాలి. ఏ మోడెమ్‌కి ఏ ఆదేశం పంపాలో రాసి ఉండేది ఆ రెండో దాంట్లోనే.

నిశిరాత్రి | సోమవారం, రాత్రి 8:31

ఈలోపు ఒకటి ప్రయత్నించండి. ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టండి. కొన్ని మోడెమ్‌లకు ఆ ఒక్క ఆదేశమే చాలు, వేషం మార్చేసుకుంటాయి. నా దగ్గరున్న ఒకదానికి అలాగే అయింది.

చిరుగాలి | సోమవారం, రాత్రి 8:50

ఎజెక్ట్ కొడితే సీడీ బొమ్మ పోయింది, ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో మాత్రం ఇంకా 1446 అనే ఉంది. సరే అని ఫోన్‌లో మోడ్‌స్విచ్ ప్యాకేజీ ఫైలు డౌన్‌లోడ్ చేసి, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి ఇన్‌స్టాల్ కొట్టాను. డేటా ప్యాకేజీ లేదని ఎర్రర్ వచ్చింది. అదీ తెచ్చాను. ఇప్పుడు లిబ్‌జిమ్ అనేది కావాలంటోంది. ఇలా ఒక్కొక్కటీ ఎన్ని తేవాలో అర్థం కావడం లేదు.

మీటనొక్కు | సోమవారం, రాత్రి 9:05

ఒక్కొక్క ఫైలూ మోసుకురావద్దు. ఫోన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపే ఉంది కదా, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) ఆన్ చేయండి. లైనక్స్‌కి అది మామూలు నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది, డ్రైవర్ ఏదీ అక్కర్లేదు. ఈ ప్యాకేజీలన్నీ చిన్నవి, మీ తక్కువ డేటాకి సరిపోతాయి. ముందు ప్యాకేజీల జాబితా అప్‌డేట్ చేసి, తరవాత ఆప్ట్ అనే ఇన్‌స్టాల్ కమాండ్‌తో మోడ్‌స్విచ్ ఇన్‌స్టాల్ చేయండి. కావలసినవన్నీ అదే తెచ్చుకుంటుంది. సిస్టం అప్‌గ్రేడ్ మాత్రం ఇప్పుడు చేయకండి, డేటా మొత్తం అక్కడే పోతుంది.

చిరుగాలి | సోమవారం, రాత్రి 9:32

టెథరింగ్ పనిచేసింది! మోడ్‌స్విచ్ ఇన్‌స్టాల్ అయింది. మోడెమ్ తీసి మళ్లీ పెట్టాను. ఈసారి లైటు ఆరిపోయి మళ్లీ వెలిగింది, ఆ తేడా కంటికే కనిపించింది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో 1446 పోయి 1001 వచ్చింది. సీడీ బొమ్మ లేదు.

కానీ నెట్‌వర్క్ మెనూలో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ ఇంకా రాలేదు. ఒక మెట్టు ఎక్కాను కదా, ఇక రేపు చూస్తాను.

పాతతీగ | సోమవారం, రాత్రి 9:50

కష్టమైన మెట్టు దాటేశారు. రేపు తీరిక దొరికినప్పుడు మోడెమ్ పెట్టిన వెంటనే కెర్నెల్ (లైనక్స్ లోపలి మూల భాగం) సందేశాలు చూడండి, కమాండ్ పేరు డీమెసేజ్ (dmesg). చివర్లో "జీఎస్‌ఎం మోడెమ్ వన్ పోర్ట్ కన్వర్టర్ నౌ అటాచ్డ్ టు టీటీవైయూఎస్‌బీ0" లాంటి లైను ఉండాలి. సాధారణంగా 0, 1, 2 అని రెండు మూడు పోర్టులు వస్తాయి. డేటాకి ఒకటి, ఆదేశాలకి ఒకటి అన్నమాట. అవి వస్తే డ్రైవర్ విషయంలో మీరు చేయాల్సింది ఏమీ మిగల్లేదు. కెర్నెల్‌లో ఆప్షన్ అనే డ్రైవర్ ఎప్పటినుంచో ఉంది, అదే పట్టుకుంటుంది.

గవాక్షం | మంగళవారం, ఉదయం 8:10

ఇది చదువుతుంటే నా సమస్యకీ సమాధానం దొరుకుతుందేమో అనిపించింది. నాది విండోస్ 11. పాత మోడెమ్ సాఫ్ట్‌వేర్ వేశాను, డివైస్ మేనేజర్‌లో మోడెమ్ దగ్గర పసుపు త్రికోణం వస్తోంది. డ్రైవర్ లోడ్ చేయలేకపోయామని సందేశం. విడిగా థ్రెడ్ పెట్టమంటే పెడతాను.

దారిచూపు | మంగళవారం, ఉదయం 8:40

ఇక్కడే చెబుతాను, మూలం దాదాపు ఒకటే. మీ దగ్గర వేషం మారింది, మారిన దాన్ని పట్టుకునే డ్రైవర్‌ని విండోస్ రానివ్వడం లేదు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, డివైస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ చూడండి. మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉంటే, దానికి సరిపడని పాత డ్రైవర్లను సిస్టం ఆపేస్తుంది. దాన్ని ఆఫ్ చేయమని చాలాచోట్ల సలహా ఇస్తారు. నేను ఇవ్వను. ఒక్క మోడెమ్ కోసం మొత్తం కంప్యూటర్ కాపలా తగ్గించుకోవడం మంచిది కాదు. తయారీదారు సైట్‌లో కొత్త డ్రైవర్ ఉందేమో చూడండి.

ఇంకొకటి, మీది ఆర్మ్ ప్రాసెసర్ ల్యాప్‌టాప్ అయితే మామూలు ఇంటెల్ డ్రైవర్ అందులో నడవనే నడవదు. ప్రోగ్రాములైతే ఎమ్యులేషన్‌లో నడుస్తాయి, డ్రైవర్లకు ఆ సౌకర్యం లేదు.

కొత్త మోడెమ్ కొనే ఆలోచన ఉంటే ఎంబీఐఎం (మోడెమ్‌లు కంప్యూటర్‌తో మాట్లాడే ఒక ప్రామాణిక పద్ధతి) పాటించేది చూసుకోండి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి దానికి డ్రైవర్ సిస్టంలోనే ఉంది, లైనక్స్ కెర్నెల్‌లోనూ ఉంది. ఏ సీడీ అవసరం లేదు.

గవాక్షం | మంగళవారం, ఉదయం 9:15

మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లోనే ఉందండి. ఇంటెల్ ల్యాప్‌టాపే. తయారీదారు సైట్‌లో వెతుకుతాను. నిన్న విండోస్ వేస్తే అరగంటలో అయిపోతుందన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

చిరుగాలి | మంగళవారం, రాత్రి 7:05

డీమెసేజ్‌లో పాతతీగ గారు రాసిన లైనే అక్షరం పొల్లు పోకుండా వచ్చింది, టీటీవైయూఎస్‌బీ0, 1, 2 మూడూ ఉన్నాయి. అయినా మెనూలో మొబైల్ లేదు.

పాతతీగ | మంగళవారం, రాత్రి 7:20

నిన్న రాత్రే చెప్పాల్సింది, నేను ముందుగా ఆలోచించలేదు. మోడ్‌స్విచ్ రాలేదంటే, అదే కారణంతో ఇంకో రెండూ వచ్చి ఉండవు. ఒకటి మోడెమ్‌మేనేజర్. పోర్టుల దగ్గరికి వెళ్లి "నువ్వెవరు, సిమ్ ఉందా, సిగ్నల్ ఎంత" అని మోడెమ్‌ని అడిగేది అదే. అది చెబితేనే నెట్‌వర్క్‌మేనేజర్ మెనూలో మొబైల్ చూపిస్తుంది. రెండోది పీపీపీ. మీలాంటి సీరియల్ పోర్టు మోడెమ్‌లలో డేటా కనెక్షన్ నడిచేది దాని మీదే. రెండూ టెథరింగ్‌తో వేసుకుని ఒకసారి రీస్టార్ట్ చేయండి. తరవాత ఎంఎంసీఎల్ఐ కమాండ్‌కి పెద్ద ఎల్ ఆప్షన్ ఇచ్చి కొట్టండి, మోడెమ్ పేరు రావాలి.

చిరుగాలి | మంగళవారం, రాత్రి 8:00

వచ్చింది! మోడెమ్ పేరు, మోడల్ నంబరు అన్నీ చూపిస్తోంది. మెనూలో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. సిమ్ పిన్ అడిగింది. గుర్తున్నది కొట్టాను, తప్పంది. ఇంకోసారి కొట్టాలంటే భయంగా ఉంది.

మీటనొక్కు | మంగళవారం, రాత్రి 8:06

ఆగండి, ఊహించి కొట్టొద్దు! వరుసగా మూడు తప్పులైతే సిమ్ లాక్ అయిపోతుంది, ఆ తరవాత దాన్ని తెరిచే పీయూకే నంబరు కావాలి. పీయూకేకి పది అవకాశాలే, అవీ అయిపోతే సిమ్ ఇక పనికిరాదు. సిమ్ వచ్చిన ప్లాస్టిక్ కార్డు వెతకండి, పిన్ దాని మీదే ఉండొచ్చు.

చిరుగాలి | మంగళవారం, రాత్రి 8:45

కార్డు దొరికింది. గోకే పొర కింద పిన్ ఉంది, నేను రెండు అంకెలు అటూ ఇటూ గుర్తుపెట్టుకున్నాను. ఈసారి తీసుకుంది. కనెక్షన్ కొత్తగా తయారుచేసి, ఏపీఎన్ ఆపరేటర్ చెప్పినట్టే పెట్టాను, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఖాళీ వదిలేశాను. కనెక్ట్ కొడితే పది సెకన్లు తిరిగి ఆగిపోతోంది. మూడుసార్లు అలాగే అయింది. ఒకసారి మోడెమ్ లైటు పూర్తిగా ఆరిపోయింది.

సిగ్నల్‌వేట | మంగళవారం, రాత్రి 9:10

లైటు ఆరిపోయిందంటే ఏపీఎన్ మీద అనుమానం పడకండి. కనెక్ట్ కొట్టిన క్షణంలోనే డీమెసేజ్ చూడండి. "యూఎస్‌బీ డిస్‌కనెక్ట్" అని ఉంటే కరెంటు చాలడం లేదని అర్థం. మోడెమ్ ఊరికే ఉన్నప్పుడు తక్కువే తీసుకుంటుంది, టవర్‌కి గట్టిగా పంపేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి ఒక పరికరానికి 500 మిల్లీయాంపియర్లు, యూఎస్‌బీ 3.0 నుంచి 900 దాకా దొరుకుతుంది. మోడెమ్ దేనికి గుచ్చారు? హబ్‌కా?

చిరుగాలి | మంగళవారం, రాత్రి 9:18

అవునండి, నాలుగు పోర్టుల హబ్‌కి. మౌస్, కీబోర్డు కూడా దానికే ఉన్నాయి. హబ్‌కి విడిగా అడాప్టర్ లేదు. డీమెసేజ్‌లో మీరన్న డిస్‌కనెక్ట్ లైను ఉంది.

సిగ్నల్‌వేట | మంగళవారం, రాత్రి 9:25

దొరికింది. ఆ నాలుగు పోర్టులకూ కలిపి అందేది ఒక్క పోర్టు కరెంటే. హబ్ తీసేసి మోడెమ్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి గుచ్చండి. తరవాత ఎంఎంసీఎల్ఐలో సిగ్నల్ శాతం ఎంత ఉందో చెప్పండి.

చిరుగాలి | మంగళవారం, రాత్రి 9:40

కనెక్ట్ అయింది!! ఈ పోస్టు మోడెమ్ నెట్ మీదే రాస్తున్నాను. సిగ్నల్ 26 శాతం. పేజీలు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయి, వీడియో ఆగి ఆగి వస్తోంది. అయినా ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను.

నిశిరాత్రి | మంగళవారం, రాత్రి 9:52

చాలా సంతోషం! సిగ్నల్ కోసం ఒక పొడవైన యూఎస్‌బీ కేబుల్ తెచ్చి మోడెమ్‌ని కిటికీలో పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

సిగ్నల్‌వేట | మంగళవారం, రాత్రి 10:05

పొడవైనది వద్దు నిశిరాత్రి గారూ. సన్నటి పొడవాటి కేబుల్‌లో వోల్టేజ్ పడిపోతుంది, హబ్ కష్టాలే మళ్లీ మొదలవుతాయి. మందంగా ఉండే పొట్టి కేబుల్ అయితే సరే. ల్యాప్‌టాప్‌నే కిటికీ పక్కకి జరిపితే ఇంకా మేలు.

ఇంకో మాట. పక్క యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్ డిస్క్ లాంటిది నడుస్తుంటే అక్కడ రేడియో రొద పుడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర వైర్‌లెస్ పరికరాలను అది ఇబ్బంది పెడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వేసింది. దగ్గరి బ్యాండ్లలో నడిచే మోడెమ్‌లకూ అది మంచిది కాదు. పరీక్ష సమయంలో హార్డ్ డిస్క్ తీసి పక్కన పెట్టండి.

చిరుగాలి | బుధవారం, సాయంత్రం 5:30

టేబుల్‌ని కిటికీ పక్కకి జరిపాను, హార్డ్ డిస్క్ తీసేశాను. సిగ్నల్ 52 శాతం. వీడియో కాల్ గంటసేపు మాట్లాడి చూశాను, ఒక్కసారి కూడా ఆగలేదు.

మిగిలింది ఒకటే. ల్యాప్‌టాప్ మూత మూసి తెరిస్తే మోడెమ్ మళ్లీ 1446కి వెళ్లిపోతోంది, తీసి పెట్టాల్సి వస్తోంది.

నిశిరాత్రి | బుధవారం, సాయంత్రం 5:55

హువావే తయారీ మోడెమ్‌లలో చాలావాటికి యూ2డయాగ్ అని ఒక ఏటీ కమాండ్ (మోడెమ్‌కి నేరుగా పంపే ఆదేశం) ఉంటుంది, విలువ 0 ఇస్తే సీడీ వేషం శాశ్వతంగా పోతుంది. జెడ్‌టీఈ వాటికి జెడ్‌సీడీరన్ అని ఉంటుంది. మీది ఏదో చూసుకుని అది పంపేస్తే మళ్లీ ఈ గొడవ ఉండదు.

పాతతీగ | బుధవారం, సాయంత్రం 6:10

నిశిరాత్రి గారు చెప్పింది నిజమే, నేనూ వాడాను. కానీ ఈ రాత్రి మాత్రం వద్దు. ఆ మార్పు మోడెమ్ లోపల రాసుకుంటుంది. విలువ ఒకటి తప్పు పడితే పోర్టులే కనిపించకుండా పోవచ్చు, అప్పుడు తిరిగి ఆదేశం పంపే దారి కూడా ఉండదు. పనిచేస్తున్న దాన్ని పరీక్ష ముందు రాత్రి ముట్టుకోకండి. రేపటికి మూత మూసినా స్లీప్‌లోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్స్‌లో పెట్టుకోండి, చాలు.

నిశిరాత్రి | బుధవారం, సాయంత్రం 6:18

ఒప్పుకుంటాను. పరీక్ష అయ్యాకే.

చిరుగాలి | గురువారం, మధ్యాహ్నం 2:40

పరీక్ష పూర్తయింది. మూడు గంటల పది నిమిషాలు కనెక్షన్ ఒక్కసారి కూడా తెగలేదు. మీటనొక్కు గారూ, పాతతీగ గారూ, సిగ్నల్‌వేట గారూ, నిశిరాత్రి గారూ, దారిచూపు గారూ, ఒక్కొక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మోడ్‌స్విచ్, మోడెమ్‌మేనేజర్, పీపీపీ ప్యాకేజీలు, వాటికి కావలసినవన్నీ కలిపి ఒక పెన్‌డ్రైవ్‌లో దాచాను. మళ్లీ ఎప్పుడైనా సిస్టం వేస్తే నెట్ లేకుండానే వేసుకోవచ్చు.

గవాక్షం | శుక్రవారం, ఉదయం 10:20

నాదీ తేలింది. తయారీదారు సైట్‌లో కొత్త డ్రైవర్ దొరికింది. పాతదాన్ని పూర్తిగా తీసేసి, రీస్టార్ట్ చేసి, అది వేశాను. మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉండగానే పనిచేస్తోంది.

కొత్తమొలక | ఆదివారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. నాదీ ఇదే సమస్య. నిన్ననే లైనక్స్ వేశాను, మోడెమ్ పెడితే నెట్ రావడం లేదు. మోడ్‌స్విచ్ వేయమంటారా?

చిరుగాలి | ఆదివారం, రాత్రి 8:22

ఇప్పుడే ఏదీ వేయకండి. ముందు ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొట్టి, మోడెమ్ పెట్టినప్పుడు వచ్చే లైనులో రెండో భాగం ఏముందో రాయండి.

కొత్తమొలక | ఆదివారం, రాత్రి 8:40

14డీసీ అని ఉంది. సీడీ బొమ్మ ఏదీ రావడం లేదు.

పాతతీగ | ఆదివారం, రాత్రి 8:51

అయితే మీది వేరే రకం, ఇప్పటికే వేషం మార్చుకుని ఉంది. అది కంప్యూటర్‌కి నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది, లోపల చిన్న రౌటర్ ఉంటుంది. మెనూలో మొబైల్ కోసం వెతకకండి, వైర్డ్ కనెక్షన్ ఒకటి కొత్తగా వచ్చి ఉండాలి. బ్రౌజర్‌లో 192.168.8.1 తెరవండి. పిన్, ఏపీఎన్ రెండూ అక్కడే పెట్టాలి. ఆ పేజీ వచ్చిందో లేదో చెప్పండి.

కొత్తమొలక | ఆదివారం, రాత్రి 9:03

పేజీ వచ్చింది. పిన్ అడుగుతోంది.

చిరుగాలి | ఆదివారం, రాత్రి 9:04

సిమ్ కార్డు కవర్ చూసి కొట్టండి. ఊహించి కొట్టొద్దు.